పోర్టు ఒకటైంది, ఛార్జర్ ఇంకా ఒకటి కాలేదు

2024 డిసెంబరు 28 నుంచి యూరోపియన్ యూనియన్‌లోని 27 దేశాల్లో కొత్తగా మార్కెట్‌లోకి వచ్చే ప్రతి మొబైల్ ఫోనుకూ, ట్యాబ్లెట్‌కూ, కెమెరాకూ, ఇయర్‌ఫోన్ల డబ్బీకీ యూఎస్‌బీ టైప్‌-సీ పోర్టు ఉండి తీరాలి. ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28 వరకు గడువు ఇచ్చారు. ఈ చట్టం మీద 2022 అక్టోబరు 4న యూరోపియన్ పార్లమెంటులో ఓటింగ్ జరిగితే అనుకూలంగా 602 ఓట్లు పడ్డాయి, వ్యతిరేకంగా 13. గడువుకు ఏడాది ముందే, 2023 సెప్టెంబరులో, ఆపిల్ సంస్థ ఐఫోన్ 15తో తన సొంత లైట్నింగ్ పిన్నుకు స్వస్తి చెప్పింది. దీంతో ఈ కథ ముగిసిందని చాలామంది అనుకున్నారు. ఐఫోన్ వాడేవాళ్లూ ఆండ్రాయిడ్ వాడేవాళ్లూ ఒకే కేబుల్ పంచుకుంటున్నారు గనక అలా అనిపించడం సహజం. కానీ అసలు పని సగమే అయింది. భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2023 జనవరిలో టైప్‌-సీ ప్రమాణాన్ని ప్రచురించింది. ప్రమాణం ప్రచురించడం వేరు, దాన్ని పాటించి తీరాలని ఆదేశించడం వేరు. ఆదేశం రావాలి. అది పోర్టు ఆకారం దగ్గరే ఆగకుండా, ఆ పోర్టు గుండా ఫోనూ ఛార్జరూ కుదుర్చుకునే ఒప్పందాన్ని కూడా కలుపుకోవాలి. మన దేశంలో కొనుగోలుదారుణ్ని ఇవాళ కట్టిపడేస్తున్నది ఎక్కువగా ఈ రెండోదే.

కంపెనీలు తమంతట తామే ఒకే పిన్నుకు వస్తాయన్న నమ్మకాన్ని గత రెండు దశాబ్దాల చరిత్ర బలపరచదు. 2000 తర్వాతి పదేళ్లలో ఫోన్లు కొన్నవారికి ఇది తెలిసిందే. నోకియాలోనే ముందు లావు పిన్ను, తర్వాత సన్న పిన్ను వచ్చాయి. సోనీ ఎరిక్సన్‌ది ఒక వెడల్పాటి పలక, శాంసంగ్‌వి మళ్లీ వేరే. 2009 నాటికి దాదాపు 30 రకాల ఛార్జర్లు వాడుకలో ఉన్నాయని యూరోపియన్ కమిషన్ లెక్క తేల్చింది. చైనా ప్రభుత్వం 2006 చివర్లోనే గోడకు పెట్టే అడాప్టర్ వైపు యూఎస్‌బీ ఉండాలని ప్రమాణం తెచ్చింది. యూరప్ మాత్రం చట్టం జోలికి పోకుండా 2009లో కంపెనీలను ఒక స్వచ్ఛంద ఒప్పందానికి ఒప్పించింది. ఆపిల్ సహా ప్రధాన సంస్థలన్నీ సంతకం చేశాయి, మైక్రో యూఎస్‌బీని ఉమ్మడి పిన్నుగా అంగీకరించాయి. ఆ ఒప్పందం వల్ల మేలు జరగలేదనడం అన్యాయం. 30 రకాలు కొద్ది ఏళ్లలో 3కి దిగివచ్చాయి. అయితే ఫోనుకు ఆ పోర్టు లేకపోయినా మధ్యలో ఒక అడాప్టర్ ముక్క అందుబాటులో ఉంచితే చాలన్న వెసులుబాటు అందులో ఉంది. ఆపిల్ ఆ వెసులుబాటును వాడుకుని తన పిన్ను తాను ఉంచుకుంది. 2014లో ఒప్పందం గడువు తీరింది. 2018లో కంపెనీలు మరో స్వచ్ఛంద ప్రతిపాదన తెచ్చాయి గానీ కమిషన్‌కు అది సరిపోలేదు. ఒక్క సంస్థ బయట ఉండిపోతే ఉమ్మడి ఛార్జర్ అన్న మాటకు అర్థమే ఉండదు. ఇంట్లో ముగ్గురికి ఒక రకం, నాలుగోవారికి మరో రకం అయితే ఆ ఇంట్లో రెండు రకాలూ కొనక తప్పదు.

లైట్నింగ్ నాసిరకం పిన్ను ఏమీ కాదు. 2012లో ఐఫోన్ 5తో వచ్చినప్పుడు మైక్రో యూఎస్‌బీకన్నా అది అన్ని విధాలా మెరుగు. ఎటు తిప్పి గుచ్చినా పట్టేది, గట్టిగా ఉండేది, పోర్టు త్వరగా వదులయ్యేది కాదు. ఆ ఏడాదికి ఆపిల్ చేసిన పని సరైనదే. కానీ 2014 ఆగస్టులో టైప్‌-సీ ప్రమాణం వెలువడింది. అదీ ఎటు తిప్పినా పట్టేదే, మోయగలిగిన విద్యుత్తు చాలా ఎక్కువ, దాని రూపకల్పనలో ఆపిల్ ఇంజనీర్లూ పాలుపంచుకున్నారు. ఆపిల్ 2015లో తన మ్యాక్‌బుక్‌కు టైప్‌-సీ పెట్టింది, 2018లో ఐప్యాడ్ ప్రోకు పెట్టింది. ఐఫోనుకు మాత్రం 2023 దాకా పెట్టలేదు. సాంకేతికంగా ఆ పోర్టు మీద అభ్యంతరం ఉంటే ఇతర పరికరాల్లోకి వచ్చి ఉండేది కాదు. కారణం వ్యాపారంలో ఉందనడానికి ఆధారం కళ్లముందే ఉంది. లైట్నింగ్ కేబుల్ లోపల అది అసలైనదో కాదో ఫోనుకు చెప్పే చిన్న చిప్ ఉంటుంది. బయటి కంపెనీ ఆ కేబుల్ తయారు చేయాలంటే ఆపిల్ నడిపే లైసెన్సు పథకంలో చేరి రుసుము కట్టాలి. పిన్ను తనది అయినంతకాలం, దాన్ని చుట్టుకుని బతికే కేబుళ్లూ స్పీకర్లూ డాకులూ అన్నిటి మీదా ఆ సంస్థకు హక్కు ఉంటుంది. ఏ కంపెనీ అయినా అలాంటి హక్కును తనంత తాను వదులుకోదు. అందుకు దాన్ని తప్పుపట్టి లాభం లేదు, వదులుకోవాలని చెప్పవలసింది చట్టం.

ఈ వాదనకు ఎదురయ్యే అభ్యంతరాల్లో బలమైనది ఒకటుంది. చట్టంలో ఒక పిన్ను పేరు రాసేస్తే రేపు అంతకన్నా మంచిది పుట్టదు, పుట్టినా మార్కెట్‌లోకి రాలేదు అంటారు. ఆపిల్ ఏళ్ల తరబడి చెప్పింది ఇదే. 2009లో యూరప్ ఒప్పందంతో సరిపెట్టుకోకుండా మైక్రో యూఎస్‌బీని చట్టంగా చేసి ఉంటే ఇవాళ మనమంతా ఆ బలహీనమైన పిన్నుతోనే ఉండేవాళ్లమేమో అన్న ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయలేం. నిజంగానే మార్పుకు దారిలేని చట్టం ప్రమాదకరం. అందుకే యూరప్ చట్టంలో సాంకేతికత ముందుకు పోతే పోర్టు వివరాలను సవరించే అధికారం కమిషన్‌కు ఇచ్చారు, తీగలేని ఛార్జింగ్‌ను ప్రస్తుతానికి ఈ నిబంధన నుంచి బయట ఉంచారు. ఇక ఆవిష్కరణ ఎక్కడ జరిగిందో చూడండి. టైప్‌-సీ మొదట్లో 100 వాట్ల దాకా మోసేది. 2021లో ప్రమాణాన్ని సవరించి అదే ఆకారంలో 240 వాట్లకు పెంచారు. దాని మీద నడిచే డేటా వేగం సెకనుకు 10 గిగాబిట్ల నుంచి, 2022లో వచ్చిన యూఎస్‌బీ 4 రెండో కూర్పు నాటికి, 80 గిగాబిట్లకు చేరింది. అదే కాలంలో ఐఫోన్ లైట్నింగ్ పోర్టు పదకొండేళ్లూ యూఎస్‌బీ 2 నాటి 480 మెగాబిట్ల దగ్గరే ఉండిపోయింది. పోటీదారులు పదిమంది ఒకచోట కూర్చుని పెంచిన ప్రమాణం పరుగెత్తింది, ఒకే యజమాని చేతిలో ఉన్నది కదలలేదు. సొంత పిన్ను ఉంటేనే కొత్తదనం పుడుతుందన్న మాటకు ఈ అనుభవం సాక్ష్యం ఇవ్వదు.

తెలుగువాళ్లకు ఈ పాఠం మరో రూపంలో ముందే తెలుసు. యూనికోడ్ తొలి కూర్పులో, 1991లోనే, తెలుగు లిపికి చోటు దక్కింది. అయినా ఆ తర్వాత చాలా ఏళ్లపాటు మన డీటీపీ సెంటర్లూ అచ్చాఫీసులూ పత్రికలూ అను, శ్రీలిపి వంటి సొంత సంకేతాల ఫాంట్లతోనే నడిచాయి. అనులో కొట్టిన పుస్తకాన్ని ఆ సాఫ్ట్‌వేర్ లేని కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి కనిపించేది. ఒక్కో తెలుగు పత్రిక వెబ్‌సైటు చదవడానికి ఒక్కో ఫాంటు దించుకోవలసి వచ్చేది. అలా కంపోజ్ చేసిన సాహిత్యం ఎంతో ఇవాళ వెతుకులాటకు దొరక్కుండా పడి ఉంది, మార్పిడి చేస్తే తప్ప పనికిరాదు. ఆ ఫాంట్ల తయారీదార్లు తెలుగు అచ్చుకు గొప్ప సేవ చేశారు, అందులో సందేహం లేదు. లోపం అక్షరాల అందంలో లేదు, సంకేతం ఎవరిది వారిదిగా ఉండటంలో ఉంది. సంకేతం ఉమ్మడి అయ్యాక అక్షరశిల్పం ఆగిపోలేదు సరికదా, పోతన, వేమన మొదలుకొని గురజాడ, సురవరం, రామభద్ర దాకా కొత్త ఖతులు పుట్టుకొచ్చాయి. అడుగున ఉన్నది ఉమ్మడిగా ఉంటే పైన పోటీ పడటానికి ఎక్కువమందికి చోటు దొరుకుతుంది. ఛార్జింగ్‌లోనూ పోటీ ఉండవలసింది బ్యాటరీ ఆయుష్షులో, వేడి అదుపులో, కేబుల్ మన్నికలో. గుచ్చే చోట కాదు.

పర్యావరణం పేరుతో చెప్పే వాదనను మాత్రం కొంచెం తగ్గించి చెప్పడమే నిజాయితీ. వాడకుండా పారేసిన ఛార్జర్ల వల్ల యూరప్‌లో ఏటా సుమారు 11 వేల టన్నుల వ్యర్థాలు పోగవుతున్నాయని కమిషన్ అంచనా. వినడానికి పెద్ద సంఖ్యే. కానీ 2022లో ప్రపంచం మొత్తం మీద పుట్టిన ఎలక్ట్రానిక్ వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులు. అందులో ఛార్జర్ల వాటా చాలా తక్కువ. పైగా పిన్ను మార్చిన తొలి ఏడాదిలో పాత కేబుళ్లు ఒక్కసారిగా చెత్తబుట్టకు చేరతాయన్న విమర్శలో కూడా నిజముంది. అయితే పాత కేబుళ్లు ఎప్పటికైనా పోయేవే. ఒకసారి మారితే తర్వాతి ఫోనుకు, ఆ తర్వాతి ఫోనుకు అదే ఛార్జర్ సరిపోవడంలో లాభం ఉంది. ఉమ్మడి ఛార్జర్ కావాలనడానికి నా దృష్టిలో మొదటి కారణం చెత్త కాదు, కొనుగోలుదారుడి స్వేచ్ఛ. ఫోను ఏ కంపెనీదైనా సరే, ఛార్జర్ ఎక్కడ కొనుక్కోవాలో, ఎంతకు కొనుక్కోవాలో అతని ఇష్టం కావాలి.

ఆ స్వేచ్ఛ మన దేశంలో ఎక్కడ ఆగిపోతోందో చూద్దాం. ఇక్కడ అమ్ముడవుతున్న స్మార్ట్‌ఫోన్లలో అత్యధికం ఆండ్రాయిడ్‌వి, వాటిలో టైప్‌-సీ చట్టం అక్కర్లేకుండానే వచ్చేసింది. కానీ 80 వాట్లు, 120 వాట్లు అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో ముద్రించిన ఫోనును అంతే శక్తిగల వేరే కంపెనీ ఛార్జర్‌కు తగిలించండి. చాలా ఫోన్లలో ఆ వేగం రాదు. పిన్ను సరిగ్గా పడుతుంది, బ్యాటరీ గుర్తు వెలుగుతుంది, గంటలోపే నిండవలసిన బ్యాటరీకి చాలా ఎక్కువ సేపు పడుతుంది. టైప్‌-సీ కేబుల్‌లో విద్యుత్తు మోసే తీగలతోపాటు ఫోనూ ఛార్జరూ మాట్లాడుకునే తీగ కూడా ఉంటుంది. నేను ఇన్ని వోల్టులు ఇవ్వగలను అని ఛార్జర్ చెబుతుంది, నాకు ఇంత కావాలి అని ఫోను అడుగుతుంది. ఈ సంభాషణకు ఉమ్మడి పద్ధతి ఉంది, దాని పేరు యూఎస్‌బీ పవర్ డెలివరీ. 5, 9, 15, 20 వోల్టుల మెట్లతో పాటు, ఇప్పుడు బ్యాటరీ అవసరాన్ని బట్టి వోల్టేజీని చిన్న చిన్న అంచెల్లో సర్దే సామర్థ్యం కూడా దానికి వచ్చింది. దీనికి పక్కనే ఒప్పో వూక్, క్వాల్‌కామ్ క్విక్ ఛార్జ్, షావోమీ హైపర్‌ఛార్జ్ వంటి సొంత పద్ధతులు పెరిగాయి. వీటిలో కొన్ని ప్రమాణం ఒప్పుకున్న హద్దును దాటి పనిచేస్తాయి. టైప్‌-సీ ప్రమాణంలో ఎక్కువలో ఎక్కువ 5 ఆంపియర్లు. ఒప్పో 65 వాట్ల పద్ధతి 10 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు పంపుతుంది. అందుకు ప్రత్యేకమైన ఛార్జర్ కావాలి, దానికి తగ్గ ప్రత్యేకమైన కేబుల్ కావాలి. ఆ రెంటిలో ఏది పాడైనా మళ్లీ ఆ కంపెనీ గుమ్మమే తొక్కాలి. బయటికి ఆకారం ఒకటే కావడంతో మోసపోవడం మరింత సులువైంది. సన్న పిన్ను, లావు పిన్ను రోజుల్లో కనీసం పట్టదని చూడగానే తెలిసేది.

కంపెనీలు ఇందుకు సాంకేతిక కారణాలు చెబుతాయి. అవి ఉట్టి సాకులు కావు. వోల్టేజీ తగ్గించి కరెంటు పెంచితే, సర్దుబాటు పని అంతా గోడ దగ్గరి ఛార్జర్‌లోనే జరిగితే, ఆ వేడి ఫోను లోపల కాకుండా బయటే ఉంటుంది. ఫోను చేతిలో కాలదు, ఆడుతూ మాట్లాడుతూ కూడా వేగంగా ఛార్జ్ అవుతుంది. 2014లో వూక్ పద్ధతి వచ్చిన నాటికి ఉమ్మడి ప్రమాణంలో దీనికి సాటివచ్చేది లేదు. అలాంటి ఆలోచనలను నిషేధించాలని ఎవరూ అడగడం లేదు. యూరప్ చట్టం కూడా నిషేధించలేదు. 15 వాట్లకు మించి ఛార్జ్ అయ్యే పరికరంలో పవర్ డెలివరీ ఉండాలి, సొంత పద్ధతి ఏదైనా అదనంగా పెట్టుకుంటే అది ఉమ్మడి పద్ధతి పూర్తిగా పనిచేయడానికి అడ్డురాకూడదు అని చెప్పింది. మన దేశం ఈ నియమాన్ని ఇంకా తేటగా రాసుకోవచ్చు. మామూలు టైప్‌-సీ కేబుల్ 3 ఆంపియర్లు మోస్తుంది. 9 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లంటే 27 వాట్లు. అంతకు మించిన వేగాన్ని ప్రచారం చేసుకునే ప్రతి ఫోనూ, ఏ కంపెనీ పవర్ డెలివరీ ఛార్జర్‌తోనైనా, మామూలు కేబుల్‌తో కనీసం ఆ 27 వాట్లు అందుకోవాలి అంటే చాలు. పైన 80 ఇస్తారా, 120 ఇస్తారా అన్నది వారి ప్రతిభ. ఉమ్మడి ఛార్జర్‌తో ఎన్ని వాట్లు వస్తాయో కూడా పెట్టె మీద అంతే పెద్ద అక్షరాలతో ముద్రించాలి.

ఉమ్మడి ప్రమాణం అంటే నాసిరకం సరుకుకు తలుపులు తెరవడమే, కంపెనీ ఛార్జరే క్షేమం అనే మాట కూడా తరచూ వింటాం. ఇందులో కొంత అనుభవం ఉంది. టైప్‌-సీ కొత్తగా వచ్చినప్పుడు గూగుల్ ఇంజనీర్ బెన్సన్ లియుంగ్ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న కేబుళ్లను ఒక్కొక్కటే కొని పరీక్షించి ఫలితాలు బయటపెట్టారు. చాలావాటిలో ఉండవలసిన విలువ గల నిరోధకం లేదు, దాంతో ఫోను అవతలి పోర్టు ఇవ్వగలిగినదానికన్నా ఎక్కువ విద్యుత్తు లాగేది. 2016 ఫిబ్రవరిలో, లోపలి తీగలు తారుమారుగా అతికించిన ఒక కేబుల్ ఆయన పరీక్షకు వాడుతున్న ల్యాప్‌టాప్‌నే పాడుచేసింది. ఆ తర్వాత అమెజాన్ ప్రమాణానికి తగని టైప్‌-సీ కేబుళ్లను అమ్మకాల నుంచి నిషేధించింది. ఆయన పని వల్ల తేలింది ఏమిటంటే, ప్రమాణం బహిరంగంగా ఉంది గనకే బయటివాడొకడు పరీక్షించి ఇది తప్పు అని చెప్పగలిగాడు. కంపెనీ సొంత పద్ధతిలో ఏది ఒప్పో ఏది తప్పో చెప్పే అధికారం ఆ కంపెనీకే ఉంటుంది. తనిఖీ యంత్రాంగం కూడా మనకు కొత్తగా కట్టుకోవలసింది కాదు. 2012లో తెచ్చిన ఉత్తర్వుతోనే ఎలక్ట్రానిక్ వస్తువులకు బీఐఎస్ నమోదు తప్పనిసరి అయింది. మొబైళ్లు, అడాప్టర్లు, పవర్‌బ్యాంకులు అందులోకి వస్తాయి. ఇవాళ అది ప్రధానంగా భద్రత చూస్తోంది. అదే పరీక్షశాలలో పవర్ డెలివరీ పరీక్షను జోడించడం పెద్ద భారం కాదు.

2022 నవంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కంపెనీలతో, పరిశ్రమ సంఘాలతో జరిపిన సమావేశంలో స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్లు, ల్యాప్‌టాప్‌లకు టైప్‌-సీ ఉండాలన్న ఏకాభిప్రాయం కుదిరింది. బీఐఎస్ ప్రమాణం దాని తర్వాతే వచ్చింది. ఏకాభిప్రాయం ఉన్నప్పుడు ఆదేశం ఎందుకు అని అడగవచ్చు. యూరప్‌లో 2009 నాటి ఏకాభిప్రాయం ఏమైందో పైన చూశాం. మన దగ్గరా ఒక మంచి ఉదాహరణ ఉంది. మొబైల్ ఫోన్లు రాజ్యాంగం గుర్తించిన భారతీయ భాషలన్నిటి లిపులనూ చూపించగలగాలని బీఐఎస్ 2016లో ప్రమాణం తెచ్చింది. ప్రభుత్వం దాన్ని తప్పనిసరి చేసింది. అందువల్లే ఇవాళ చౌక ఫోనులో కూడా తెలుగు సందేశం డబ్బాలుగా కాకుండా అక్షరాలుగా కనిపిస్తుందని భరోసా ఉంది. తయారీ పరిశ్రమకు దెబ్బ తగులుతుందనేవారు మన కర్మాగారాలనే చూడాలి. తిరుపతి దగ్గర ఫాక్స్‌లింక్ సంస్థ ఆపిల్‌కు ఛార్జింగ్ కేబుళ్లు తయారు చేస్తూ వచ్చింది. రంగారెడ్డి జిల్లా కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ ఎయిర్‌పాడ్స్ తయారీ పెట్టింది. ఒకే సంస్థ పిన్నుకు కేబుల్ తయారుచేసే కర్మాగారం ఆ సంస్థ ఆర్డరు ఆగిన రోజున ఆగిపోతుంది. ఉమ్మడి ప్రమాణానికి తయారుచేసే కర్మాగారం యూరప్‌కూ అమ్ముకోగలదు, అదే నిబంధన తెచ్చిన సౌదీ అరేబియాకూ అమ్ముకోగలదు, ఇక్కడి వందల బ్రాండ్లకూ అమ్ముకోగలదు.

మిగిలింది బటన్ ఫోన్ల సంగతి. రెండు వేల రూపాయల లోపు దొరికే ఈ ఫోన్లలో చాలావాటికి ఇంకా మైక్రో యూఎస్‌బీనే ఉంది. 2022 చర్చల్లో వీటికి వేరే ఛార్జర్ ఉండొచ్చన్న ఆలోచన వచ్చింది. ధర పెరిగితే భారం పడేది కూలీనాలీ చేసుకునేవాళ్ల మీద కాబట్టి తొందరపడకూడదన్న జాగ్రత్త సమంజసమే. కానీ శాశ్వత మినహాయింపు ఇస్తే ఆ ఇళ్లలోనే రెండు రకాల ఛార్జర్లు మిగులుతాయి. కొడుకు స్మార్ట్‌ఫోన్ కేబుల్ తల్లి బటన్ ఫోనుకు పట్టదు, ఊళ్లో కిరాణా కొట్టువాడు రెండూ తెచ్చి పెట్టాలి. ఈ ఫోన్లకు పవర్ డెలివరీ అక్కర్లేదు, వేగం అక్కర్లేదు, పోర్టు ఒక్కటి మారితే చాలు. స్మార్ట్‌ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు ఇచ్చే గడువుకన్నా రెండు మూడేళ్లు ఎక్కువ ఇచ్చి, ఆ తేదీని మొదటి నోటిఫికేషన్‌లోనే రాయాలి. తేదీ ముందే తెలిస్తే తయారీదార్లు కొత్త మోడల్ అచ్చు పోసుకునేటప్పుడే పోర్టు మార్చుకుంటారు, ఉన్న సరుకు అమ్ముకోవడానికి వ్యవధి ఉంటుంది. ఐఫోన్ విషయంలోనూ జరిగింది అదే. చట్టం ఆమోదం పొందాక ఆపిల్‌కు రెండేళ్లకు పైగా సమయం దొరికింది, ఏడాదిలోపే మారింది.